పిడికెడు బియ్యము



మా యింటి వంటగదిలో పొయ్యికి కుడిప్రక్కగా ఒక పాత రేకుడబ్బా కలదు. మాలో ఒకతెకు అత్తగారును, మరియొకతెకు కన్నతల్లియు నైన పెద్దామె దానిని నలువది సంవత్సరములకు పైగా వాడినది. ఎసరు పెట్టి, బియ్యము సోలతో కొలిచి చేటలో పోసిన పిమ్మట, కడుగుటకు ముందుగా ఆమె ఒక పిడికెడు తీసి ఆ డబ్బాలో వేసెడిది. సాయంకాలపు వంటకు మరల నొక పిడికెడు. ఆ సమయమున ఆమె పెదవులు మెల్లగా కదలుచుండెడివి. ఏమి ప్రార్థన చేయుచున్నావని అడిగినచో, "పేర్లు చెప్పుకొనుచున్నానమ్మా" అనెడిది. జ్వరముతో పడియున్నవారి పేర్లు, పరీక్షకు పోవు పిల్లల పేర్లు, పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లల పేర్లు. శనివారము రాత్రి ఆ బియ్యము గుడ్డసంచిలోనికి మారును. ఆదివారము ఉదయమున మందిరములో కానుకల సమయమున స్త్రీలందరును లేచి తమ తమ సంచులను ముందున్న గంపలో ఒంపుదురు.

తెలుగునాట ప్రొటెస్టంటు సంఘములలో దీనికి పిడికెడు బియ్యమని పేరు. ఆమె గతించిన పిదప మేము వదినామరదండ్రము ఆ డబ్బాను విడువలేదు. కాని గత సంవత్సరాంతమున విజయనగరమందలి మా సంఘపు స్త్రీల సమాజములో ఈ ఆచారమును మానవలెనను ప్రసంగము వచ్చినది. చెప్పినవారు చిన్నవారు, చదువుకొన్నవారు, మంచివారు. వారి మాటలో న్యాయమును లేకపోలేదు. పట్టణములో ఇప్పుడు రాత్రిపూట అన్నము వండని యిండ్లు పెక్కు. ఒకరు సన్నబియ్యమును, ఒకరు ముతకబియ్యమును, ఒకరు చౌకధరల దుకాణపు బియ్యమును తెచ్చి ఒకే గంపలో పోయగా ఆ కలగలుపును కొనువాడు వెల తగ్గించును. నాలుగు వారములు నిలువయుంచినచో ముక్కపురుగు పట్టును. అంతకంటె నెలకొకసారి ప్రతి సభ్యురాలును ఇంత రూపాయలని ఫోను ద్వారా సంఘపు ఖాతాకు పంపినచో సులభము గదా యని వారనిరి. పెద్దవారు చిన్నబోయిరి గాని బదులు చెప్పలేకపోయిరి. తుదకు, ఇతర సంఘములవారు ఏమి చేయుచున్నారో చూచి రండని మమ్మిద్దరిని నియమించిరి. ఆ విధముగా జనవరి మాసమున, సంక్రాంతి వెళ్ళిన వారమున, మేము బయలుదేరితిమి. ఆ ప్రయాణమునందు చూచినదానిని మీతో చెప్పుటకే ఈ వ్రాత.

ముందుగా మా పట్టణమును గూర్చియు, మా సంఘజీవనమును గూర్చియు కొంత చెప్పవలెను. విజయనగరమనగానే చదువరులకు కోటయు, సంగీత కళాశాలయు, గురజాడ అప్పారావుగారి యిల్లును, పైడితల్లి అమ్మవారి సిరిమానును జ్ఞప్తికి వచ్చును. దసరా వెళ్ళిన మంగళవారమున సిరిమాను తిరుగునపుడు మా వీధి యెల్ల చుట్టములతో నిండును. మా యింట ఆ పండుగ లేకున్నను, ప్రక్కయింటివారి చుట్టములకు మంచములు మా వసారాలోనే వేయుదుము. క్రిస్మసునాడు మా అరిసెలును కేకులును వారి యిండ్లకు పోవును. ఇది ఎవరును ఏర్పరచిన నియమము కాదు. ప్రక్కప్రక్కల బ్రతుకువారికి సహజముగా అలవడినది.

ఈ ప్రాంతపు ప్రొటెస్టంటులలో బాప్తిస్టులు ఎక్కువ. సాలూరు, పార్వతీపురముల వైపున జర్మనీ మిషనువలన ఏర్పడిన లూథరను సంఘములు కలవు. బాప్తిస్టులు పసిబిడ్డలకు బాప్తిస్మమీయరు. తెలివి వచ్చిన పిమ్మట తనకు తానే విశ్వాసమును ఒప్పుకొన్న వారిని నీటిలో ముంచి బాప్తిస్మమిత్తురు. అటుపిమ్మట వారి పేరు సంఘపు పట్టికలో చేరును. ప్రతి నెలయు మొదటి ఆదివారమున ప్రభు సంస్కారములో రొట్టెయు ద్రాక్షారసమును పుచ్చుకొనుటకు వారికి హక్కు కలుగును. సంఘకాపరిని అయ్యగారనియు ఆయన భార్యను అమ్మగారనియు పిలుతుము. ఒకరినొకరు కలిసికొన్నపుడు "వందనాలు" చెప్పుకొందుము.

వెలుపలివారికి ఆదివారపు ఆరాధన మాత్రమే కనబడును. కాని సంఘజీవనములో అది ఒక భాగమే. శనివారము మందిరము ఊడ్చి చాపలు దులుపువారు, సంస్కారపు గిన్నెలు కడిగి తుడిచి గుడ్డ కప్పువారు, ఆదివారపు బడిలో పిల్లలకు వాక్యములు కంఠస్థము చేయించువారు, శుక్రవారపు ఉపవాస ప్రార్థనకు వచ్చువారు, చావు జరిగిన యింట మూడు దినములు వంట చేసి పెట్టువారు, ఆసుపత్రిలో ఎవరును లేని రోగి ప్రక్కన రాత్రి కూర్చుండువారు, వీరిలో అధికులు స్త్రీలే. వీరి పేర్లు ఏ శిలాఫలకము మీదను లేవు. పెద్దల సభలో మా సంఘమున నేటివరకు ముగ్గురు స్త్రీలకంటె ఎక్కువ లేరు.

ఈ తీరమునకు ప్రొటెస్టంటు మతము వచ్చి రెండువందల సంవత్సరములు దాటినది. 1805వ సంవత్సరమున లండను మిషనరీ సొసైటీవారు పంపిన జార్జి క్రాను, అగస్టసు డి గ్రాంజి అను ఇద్దరు విశాఖపట్టణమునకు వచ్చి, ఆనందరాయరను తెలుగు పండితుని సహాయముతో సువార్తలను తెలుగు చేయ నారంభించిరి. 1809లో ఒకరును 1810లో ఒకరును ఇక్కడనే కన్నుమూసిరి. వారు తెలిగించిన సువార్తలు 1812లో వంగదేశమందలి శ్రీరాంపూరులో అచ్చుపడినవి. 1818లో ప్రిచ్చెట్టుగారి అనువాదమైన క్రొత్త నిబంధన మద్రాసున ముద్రితమైనది. ఈ పేర్లను మా ఆదివారపు బడిలో పిల్లలు కూడ ఒప్పచెప్పుదురు. కాని బొబ్బిలి చేరువరకు మాకును సరిగా తెలియని పేరొకటి కలదు.

విజయనగరమునుండి బొబ్బిలికి రాయగడ వైపు పోవు రైలులో వెళ్ళితిమి. కోతలైన పొలములలో మినుము, పెసర పచ్చగా నుండెను. బొబ్బిలియనగా 1757 నాటి యుద్ధమును, గొల్లపల్లిలో పనసకొయ్యతో చేయు వీణలును అందరికిని తెలిసినవే. మేము మాత్రము ఒక ముసలమ్మను చూడబోయితిమి. ఆమె వయసు ఎనుబది దాటినది. ఒకప్పుడు ఈ ప్రాంతమున బైబిలు స్త్రీగా పనిచేసినది. బైబిలు స్త్రీయనగా సంఘముచేత నియమింపబడి, గొడుగును పుస్తకముల సంచియు పట్టుకొని ఊరూర ఇల్లిల్లు తిరిగి, స్త్రీలకు వాక్యము చెప్పుటయేగాక అక్షరములు నేర్పుట, కుట్టుపని చూపుట, జబ్బు చేసిన బిడ్డను ఆసుపత్రికి తీసికొనిపొమ్మని తల్లికి ధైర్యము చెప్పుట మొదలగు పనులు చేయు స్త్రీ. పురుషులు అడుగుపెట్టరాని పెరటి వాకిలి ఆమెకు తెరువబడెడిది.

"ఏటమ్మా, ఇంత దూరమొచ్చినారు? కూకోండి," అని ఆమె మాకు చాప వేసినది. మేము వచ్చిన పని చెప్పగా కొంతసేపు నవ్వినది. తన జీతమున కొంత భాగము డబ్బుగా వచ్చెడిదనియు, మిగిలినది పిడికెడు బియ్యమేననియు చెప్పినది. తాను తిరిగిన ప్రతి గ్రామమునను సంఘపు స్త్రీలు కుండలో దాచినది కుంచముతో కొలిచి ఒడిలో పోసెడివారట. అది తినునపుడు ఏ బియ్యము ఏ యింటిదో తెలియకున్నను, ఇంతమంది చేతులనుండి వచ్చినదని మాత్రము తెలియుచుండెడిదని ఆమె అనినది.

పిమ్మట ఆమె పెట్టెలోనుండి ఒక పాత ఛాయాపటము తీసి చూపి, కెనడా దొరసానుల కథ చెప్పినది. తిరిగి వచ్చిన తరువాత పుస్తకములు చూచి దానిని సరిచూచుకొంటిమి. కెనడాలోని నోవాస్కోషియా రాష్ట్రమున హన్నా మరియా నారిసు అను ఉపాధ్యాయిని బర్మాకు మిషనరీగా పోవలెనని కోరినది. తమవద్ద అందుకు ధనము లేదనియు, వీలైనచో స్త్రీలనుండి కూర్చుకొనవలసినదనియు మిషను పెద్దలు చెప్పిరి. ఆమె నిరాశపడక ఊరూర తిరిగి స్త్రీలను కూర్చుండబెట్టి చిన్న చిన్న సమాజములు నెలకొల్పినది. 1870 జూను మాసమున కేన్సో అను సముద్రతీరపు ఊరిలో మొదటిది ఏర్పడెను. కొన్ని నెలలలోనే అవి ముప్పది దాటినవి. కూడిన స్త్రీలలో పెక్కుమంది చేపలు పట్టువారి యింటివారు, చిన్న కమతగాండ్ర యింటివారు. వారు చిల్లర నాణెములను ప్రోగుచేసి ఆమెను పంపిరి. 1875లో ఆ మిషను బర్మావైపునుండి తెలుగు తీరమునకు మారి భీమునిపట్టణమున స్థిరపడినది. ఆమెయు భర్తయైన ఆర్మ్‌స్ట్రాంగుగారితో కూడ చికాకోలున, అనగా నేటి శ్రీకాకుళమున, పనిచేసినది. బొబ్బిలికి 1879లో జార్జి చర్చిల్, మెటిల్డా చర్చిల్ దంపతులు వచ్చిరి. చర్చిల్ దొరసాని ఇక్కడ ఆడపిల్లలకు బడి నడపినది. 1908లో భర్త ఈ యూరనే మరణించెను. ఆమె లేఖలు 1916లో పుస్తకరూపమున వెలువడినవి.

ఇది విని మా వదిన కొంతసేపు మాటాడలేదు. దొరలు వచ్చి బంగళాలు కట్టిరని వినుచు పెరిగినవారము మేము. ఆ బంగళాలకు పూర్వము సముద్రమునకు అవతల ఎవరో గృహిణులు తమ యింటి ఖర్చులో మిగిల్చిన నాణెములున్నవని మాకు స్ఫురించినది కాదు. మన పిడికెడు బియ్యమును వారి చిల్లర నాణెమును ఒకటే జాతివి.

బొబ్బిలినుండి రాజాము, చిలకపాలెముల మీదుగా బస్సులో శ్రీకాకుళము చేరితిమి. నాగావళి నీరు తగ్గి ఇసుకమేటలు బయటపడియుండెను. ఆ ఊరిలో తమకు ఈ నదిలోనే బాప్తిస్మమైనదని చెప్పిన పెద్దలను కొందరిని చూచితిమి. ఇప్పుడు మందిరములోనే నీటితొట్టి కట్టుకొన్నారు. శ్రీకాకుళమును తలచినపుడు పురుషోత్తమ చౌదరిగారిని తలవకుండుట తెలుగు క్రైస్తవులకు సాధ్యము కాదు. 1803లో పర్లాకిమిడి సమీపమందలి మదనాపురమున బ్రాహ్మణ కుటుంబమున జన్మించి, 1833లో బాప్తిస్మము పొంది, 1890లో మరణించిన ఆ కవి రచించిన కీర్తనలు నూటికి పైబడినవి. అవి కర్ణాటక రాగములలో నున్నవి. మా కీర్తనల పుస్తకములో ప్రతి పాటకు పైన రాగతాళములు అచ్చువేయబడియుండును. శాఖాభేదము లేక తెలుగు ప్రొటెస్టంటు లందరును వానిని పాడుదురు. చదువురాని మా అత్తగారికి అవి డెబ్బదికి పైగా నోటికి వచ్చెడివి.

మేము చేరిన మరునాడు ఆదివారము. ఒక సంఘమున కోతపండుగ జరుగుచుండెను. మందిరపు వాకిట అరటిగెలలు, చెరకుగడలు కట్టిరి. వేదికముందు బస్తాలుగా ధాన్యము, గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, కందులు, గ్రుడ్లు, కాళ్ళు కట్టిన కోళ్ళు చేరినవి. ఆరాధన ముగియగానే వేలము మొదలైనది. ఒక ఆనపకాయను ఒకరు పాడుకొని తిరిగి కానుకగా ఇత్తురు. దానినే మరల పాడుదురు. ఈ విధముగా ఒకే కాయ నాలుగు చేతులు మారినది. ఒక కోడి కట్టు విడిపించుకొని ప్రసంగపీఠము క్రిందికి దూరగా పిల్లలందరును దాని వెంట పరుగిడిరి. అయ్యగారును నవ్వు ఆపుకొనలేకపోయిరి.

ఈ పండుగలో మాకొక సంగతి తెలిసినది. వేలము వ్రాయుచున్న యువకుడు కొందరిని రెండు పేర్లతో పిలుచుచుండెను. సంఘపు పట్టికలో ఒక పేరు, బడి పట్టికలో ఒక పేరు. కారణము పైకి చెప్పుకొనునది కాదు, అయినను అందరికిని తెలిసినదే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము షెడ్యూల్డు కులపు హోదా మొదట హిందువులకే పరిమితమైనది. 1956లో సిక్కులకును 1990లో బౌద్ధులకును అది వర్తింపబడినది గాని క్రైస్తవులకు వర్తింపలేదు. మన రాష్ట్రమున అట్టివారిని వెనుకబడిన తరగతులలో సి విభాగమునందు చేర్చినారు. కాబట్టి బిడ్డకు పేరుపెట్టునాడే తల్లి రెండు విధముల ఆలోచించుకొనవలసి వచ్చుచున్నది. ఇది మంచిదా చెడ్డదా యని తీర్పు చెప్పుటకు మేము పోలేదు. ఆరాధనలో మా ప్రక్కన కూర్చున్న ఒక తల్లి తన కూతురి పెండ్లిపత్రికలో ఏ పేరు వేయింపవలెనని మమ్మడిగినపుడు మేమును జవాబు చెప్పలేకపోతిమి.

మధ్యాహ్నము భోజనమైన పిమ్మట ఆ సంఘపు స్త్రీల సమాజపు లెక్కలు చూచు ఉపాధ్యాయిని మాతో కూర్చుండినది. వారు కొన్ని సంవత్సరముల క్రిందటనే పిడికెడు బియ్యమును మాని నెలచందా ఏర్పరచుకొన్నారు. పుస్తకము దాచక చూపినది. డబ్బు మునుపటికంటె పెరిగినది. ఇది నిజము. కాని బియ్యపు కాలమున ప్రతి పుటలోను అడుగువరకు నిండియున్న పేర్లు చందా కాలమున సగమునకు దిగినవి. లేనివారు ఏమైరని అడిగితిమి. "ఆరాధనకు వచ్చుచునే యున్నారు. చందా సమయమున మాత్రము వెనుక వరుసకు పోవుచున్నారు," అని ఆమె చెప్పినది. అంతకంటె మరియొక మాట చెప్పినది. బియ్యమమ్మిన డబ్బు స్త్రీల చేతిలో నుండెడిది. చందా నేరుగా సంఘపు ఖాతాకు పోవుటవలన పెద్దల సభ దానిని మిగిలినదానితో కలిపి ఖర్చు చేయుచున్నది. వెనుకటి సంవత్సరము క్రొత్త లౌడుస్పీకరు కొన్నారు. మంచిదే, అవసరమే. కాని స్త్రీలను ఎవరును అడుగలేదు. ఈ మాట ఆమె కోపముతో చెప్పలేదు. పుస్తకము మూసి గుడ్డలో చుట్టుచు చెప్పినది.

మరునాడు ఆమదాలవలస వెళ్ళి రైలెక్కితిమి. తిలారు, కోటబొమ్మాళి, నౌపడ, పలాస దాటి సోంపేటలో దిగితిమి. పలాస దాటినది మొదలు కొబ్బరి, జీడిమామిడి తోటలు. దీనినే ఉద్దానమందురు. 2018 అక్టోబరు 11వ తేదిన తిత్లీ తుపాను ఈ తోటలమీదుగానే పోయినది. అప్పుడు కూలిన కొబ్బరిచెట్లు లెక్కకు మిక్కిలి. కొబ్బరిమొక్క నాటినచో కాపునకు వచ్చుటకు సంవత్సరములు పట్టును. ఈ ప్రాంతపు రెండవ కష్టము మూత్రపిండముల వ్యాధి. ఎన్నో గ్రామములలో ఇంటింట రోగులున్నారు. కారణమిదియని శాస్త్రజ్ఞులు నేటికిని నిశ్చయముగా తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసయందు రెండువందల పడకల మూత్రపిండ వ్యాధుల ఆసుపత్రియు పరిశోధనాకేంద్రమును ప్రారంభమైనవి. అయినను వారమునకు రెండు మూడు పర్యాయములు డయాలిసిస్ చేయించుకొను మనిషి కూలికి పోజాలడు, వెంట పోవు భార్యయు పోజాలదు.

సోంపేటకు వైద్యసేవలో ఒక చరిత్ర కలదు. కెనడా బాప్తిస్టు మిషనుకు చెందిన డాక్టరు బెన్ గలిసన్ గారు ఇక్కడి ఆరోగ్యవరము ఆసుపత్రిలో దీర్ఘకాలము పనిచేసి కంటి శస్త్రచికిత్సలకు ప్రసిద్ధి చెందిరి. 1963లో కెనడాలోని కేల్గరీ పట్టణమున ఆయన మాట విని ఆర్ట్ జెంకిన్స్ అను వ్యాపారి ప్రోగుచేయించిన ధనముతో ఆపరేషన్ ఐసైట్ అను సంస్థ పుట్టినది. అది నేడు పెక్కు దేశములలో అంధత్వనివారణకు పనిచేయుచున్నది. కాలక్రమమున మిషను సంఘములన్నియు స్వదేశీయుల చేతికి వచ్చి ఉత్తర సర్కారుల బాప్తిస్టు సంఘముల కన్వెన్షనుగా ఏర్పడినవి. విదేశమునుండి వచ్చు డబ్బు తగ్గినది. ఇక సంఘములు తమ కాళ్ళమీద నిలువవలెను.

సోంపేటనుండి ఆటోలో ఒక చిన్న పల్లెకు పోతిమి. రెండు గదులంత మందిరము, రేకుల కప్పు. తుపానుకు లేచిపోయిన పాత కప్పునకు మారుగా వేసినది. స్త్రీల కూటము సాయంకాలము. వచ్చినవారిలో అధికులు జీడిపిక్కలు కొట్టి పప్పు తీయు పనికి పోవువారు. జీడిరసము తగిలి వారి వ్రేళ్ళు నల్లబడి, చర్మము చిట్లియుండెను. ఆ చేతులతోనే కీర్తన పుస్తకము పట్టుకొనిరి. ప్రార్థన ముగిసిన పిమ్మట ఒక్కొక్కరు లేచి కొంగుమూట విప్పి గంపలో బియ్యము పోసిరి. అది చౌకధరల దుకాణపు బియ్యము. తరువాత ఆ పనికై ఎన్నుకోబడిన స్త్రీ దానిని అడ్డతో కొలిచి, ఎంత వచ్చినదో గట్టిగా చెప్పి, ఈ వారము ఎవరికని అడిగినది. వారిలో వారు మాటలాడుకొని నిశ్చయించిరి. కొంత అయ్యగారింటికి. మిగిలినది ఆ వీధి చివరనున్న ఒక యింటికి. ఆ యింటి యజమాని డయాలిసిస్ రోగి. ఆ కుటుంబము సంఘమునకు చెందినది కాదు.

సంఘము కాని వారికి సంఘపు బియ్యమెట్లు ఇచ్చెదరని మా వదిన అడిగినది. అడుగుటలో తప్పు పట్టుదల లేదు, తెలిసికొనవలెననియే. కొలత చూచిన స్త్రీ ఆశ్చర్యపడి, "తుపానుకి మా పాకలెగిరిపోతే పది రోజులు ఆళ్ళ మిద్దెలోనే గదమ్మా ఉన్నాం," అనినది. ఆ యింటివారు కూడ ప్రతి కోతపండుగకు తమ తోటలో మిగిలిన చెట్ల కొబ్బరికాయలు మందిరమునకు పంపుదురట.

అప్పుడు మేము వచ్చిన పని విప్పి చెప్పితిమి. బియ్యమును మాని చందా పెట్టుకొనుట మంచిదని మా యూరివారు కొందరు తలంచుచున్నారంటిమి. కూటములో గుసగుసలు పుట్టినవి. వెనుక గోడకు ఆనుకొని కూర్చున్న ఒక ముసలామె, వితంతువు, కొడుకు వలసపోయి ఎక్కడనో భవనములు కట్టు పనిలో నున్నాడట, ఆమె మెల్లగా చెప్పినది: "డబ్బడిగితే ఇచ్చినోళ్ళలో నానుండను. బియ్యమడిగితే నానూ ఉంటాను."

ఆ రాత్రి సోంపేటలో పరిచితుల యింట పండుకొని ఈ మాటనే తలంచుకొంటిమి. ఇచ్చువారిలో ఒకతెగా ఉండుట! మా పట్టణములో మేము లెక్కించుకొన్నది ఎంత వచ్చినదన్నదే గాని ఎవరు ఇచ్చినారన్నది కాదు. దానధర్మములలో పుచ్చుకొనుటకు బీదవారు ఎప్పుడును ఉందురు. వారికి కూడ ఇచ్చుటకు ఒక త్రోవయుండుట అరుదు. పిడికెడు బియ్యము అట్టి త్రోవ. పెద్దింటి పిడికిలియు పాకలోని పిడికిలియు ఇంచుమించు ఒకే కొలత. గంపలో పడిన పిమ్మట ఎవరిది ఎంతయని విడదీయలేరు.

ఈ ఆచారము మన తెలుగువారిదే కాదు. ఈశాన్యమున మిజోరామునందలి ప్రెస్బిటీరియను సంఘములలో 1910 ప్రాంతమున స్త్రీలు దీనిని ఆరంభించిరి. అక్కడ దీనిని బుఫై థామ్ అందురు. స్త్రీలే ప్రోగుచేసి అమ్ముదురు. నేడు ఆ సంఘమునకు వచ్చు పెద్ద ఆదాయములలో అదియొకటి. బియ్యము పాతబడినదని వారు మానలేదు. ఈ సంగతి మా చిన్నవారికి చెప్పదగినదిగా తోచి వ్రాసికొంటిమి.

అయితే ప్రయాణములో మేము తెలిసికొన్నది ఇదియొక్కటే కాదు. శ్రీకాకుళపు ఉపాధ్యాయిని పుస్తకమును, పల్లెలో కొలత చూచిన స్త్రీ అడ్డయును ఒకదాని ప్రక్క నొకటి పెట్టి చూచితిమి. మొదటి చోట స్త్రీలు ఇచ్చుచున్నారు, నిర్ణయించుట లేదు. రెండవ చోట ఇచ్చుచున్నారు, నిర్ణయించుచున్నారు. చూచినంతమట్టుకు మా సంఘమునను స్త్రీలు తామే కొలిచి, తామే అమ్మి, తామే ఖర్చు నిర్ణయించు సొమ్ము బియ్యపు సొమ్మొకటే. దానిని సంఘపు ఖాతాలో కలిపినచో సౌకర్యము కలుగును, మాట పోవును. మాకు ఇంతకాలము ఈ సంగతి తట్టనేలేదు. పురుగుపట్టిన బియ్యమును గూర్చియే వాదించుకొంటిమి.

తిరిగి వచ్చి సమాజములో ఇదంతయు చెప్పితిమి. చిన్నవారు శ్రద్ధతో వినిరి. వారిలో బ్యాంకు ఉద్యోగినియైన ఒక పిల్ల, మొట్టమొదట చందా మాట ఎత్తినది ఆమెయే, లేచి ఒక సవరణ చెప్పినది. బియ్యము వండువారు బియ్యమే తేవలెను. వండనివారు తమకు తోచిన డబ్బు అదే డబ్బాలో వేయవలెను, ఇంతయని ఉండరాదు. బియ్యమును ప్రతి వారమును అవసరమున్న యిండ్లకే పంపినచో పురుగుపట్టదు, వెల తగ్గదు. లెక్క వేరు పుస్తకములో స్త్రీల సమాజమే వ్రాయవలెను. పెద్దవారు చిన్నవారు అందరును చేతులెత్తిరి. మాకు తోచనిది ఆమెకు తోచినది.

వేరు పుస్తకమను మాట విని పెద్దల సభలో కొందరు నొచ్చుకొన్నారు. మమ్ము నమ్మరా యని అడిగిరి. నమ్మకము లేక కాదని అమ్మగారు బదులు చెప్పిరి. ఆ చర్చ ఇంకను ముగియలేదు. వచ్చు సంఘసభలో మరల రాగలదు. ఏమగునో చెప్పలేము. పుస్తకము మాత్రము ప్రస్తుతము మా చేతిలోనే యున్నది. మొదటి పుటలో పేర్లు అడుగువరకు నిండినవి.

సోదరీమణులారా, మీలో పెక్కుమంది వేరు మతములవారు. మీ యింటను ముడుపు కట్టిన గుడ్డయో, దేవుని హుండీయో, వాకిట నిలిచినవానికి తీసియుంచిన గిన్నెయో ఉండియే యుండును. దానిని ఎవరు నింపుచున్నారు, నిండిన పిమ్మట ఎవరు మాటాడుచున్నారు అని ఒక్కసారి చూచుకొనుడని మాత్రమే మా మనవి.

ఈ ఉదయమున ఎసరు పెట్టి, బియ్యము కొలిచి, డబ్బా మూత తీసితిమి. అత్తగారి పద్ధతినే పేర్లు చెప్పుకొంటిమి. సోంపేట దగ్గరి పల్లెలో వీధి చివరి యింటి యజమాని పేరు ఆ ముసలామెను అడిగి తెలిసికొని వచ్చితిమి. ఇప్పుడు అదియు ఆ వరుసలో చేరినది.